ఎవరి తాలూకు?

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మనోజ లాప్‌టాప్ తెరవైపు చూసింది. ఎనిమిది వేల రెండు వందల వరుసల్లో ఇంకా మూడు వేలు ఎక్కాలి. ఆకుపచ్చ గీత తీరిగ్గా పాకుతోంది. డైనింగ్ టేబుల్‌కి ఈ చివర కూరగాయల బుట్ట, ఆ చివర లాప్‌టాప్, మధ్యలో ఆమె. మూడేళ్ళుగా ఆమె ఆఫీసు అదే.

"అది దానంతటదే చేసుకుంటోందిగా, దాని మొహం చూస్తూ కూచుంటావేం? ఆ కాయలు కాస్త చకచకా కానీ," అంది అత్తగారు బాలాత్రిపురసుందరి సోఫాలోంచి.

ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. మనోజకి జ్వరమొస్తే పక్కన కూచుని తడిగుడ్డ వేస్తుంది. కానీ కోడలి పని మాత్రం ఆవిడ కంటికి ఆనదు. పక్క ఫ్లాటావిడతో ఒకసారి, "మా కోడలు టేబుళ్ళు కడుతుందిట అమ్మా. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ మాత్రం నేను చెప్తే గాని తుడవదు," అంది. మొదటిసారి విన్నప్పుడు మనోజ కూడా నవ్వింది. రెండోసారి మనసు చివుక్కుమంది. ఇప్పటికి ఎన్నోసారో లెక్క లేదు. ఇప్పుడు నవ్వూ రాదు, బాధా కలగదు. ఈ మధ్య చాలా విషయాల్లో అంతే అయింది. కోపం రావాల్సిన చోట కాసేపు ఆగి చూసుకుంటుంది, వస్తుందేమోనని. రాదు. అప్పుడు కాయ తీసుకుని ఈనె లాగుతుంది.

పెళ్ళికి ముందు, కూతురు నిహారిక పుట్టకముందు, మనోజ ఒక పెద్ద కంపెనీలో తొమ్మిదేళ్ళు డేటాబేస్‌ల పని చేసింది. సమాచారాన్ని ఏ టేబుల్లో పెట్టాలి, ఏ టేబుల్‌కి ఏది ఎలా తగిలించాలి, ఒక వరుస ఇంకో వరుసతో కలిసిపోకుండా ఎలా కాపాడాలి, ఇదే ఆమె చదువూ ఉద్యోగమూ. పిల్ల పుట్టాక మానేసింది. భర్త రవిచంద్ర ఫిల్మ్ నగర్‌లో ఒక గది అద్దెకి తీసుకుని సినిమా వాళ్ళకి సాఫ్ట్‌వేర్లు చేసే కంపెనీ పెట్టాక మళ్ళీ మొదలెట్టింది, ఇంట్లోంచి, అతని పేరు మీదున్న లాగిన్‌తో. నాకో డెసిగ్నేషన్ అంటూ ఉండాలిగా అని మొదట్లో ఒకసారి అడిగింది. "సొంత కంపెనీలో నీకు డెసిగ్నేషనేంటి మనూ," అని అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. అతని ఆశ్చర్యం చూసి ఆమే సిగ్గుపడింది.

ఇప్పుడు ఎక్కుతున్నది ఫిల్మ్ నగర్‌లోని ఒక పెద్ద ప్రొడక్షన్ ఆఫీసు తాలూకు జాబితా. లైట్‌మెన్, కాస్ట్యూమర్లు, మేకప్ అసిస్టెంట్లు, డాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇన్నాళ్ళూ కోఆర్డినేటర్ల డైరీల్లో, ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళందరినీ ఒక్కచోటికి తేవాలి. మొదటి మీటింగ్‌లో మేనేజర్ వరప్రసాద్ గారు ఒక మాటన్నారు. "ఈ ఏరియాలో గేటు దగ్గర అడిగే మొదటి ప్రశ్న నీ పేరేంటని కాదండీ. ఎవరి తాలూకు అని. మీ కంప్యూటర్ కూడా ముందు అదే అడగాలి." ఆ మాట మనోజకి నచ్చింది. ఆమె కట్టబోయే టేబుల్ కూడా సరిగ్గా అలాంటిదే. అసిస్టెంట్ వరుస మాస్టర్ వరుసని చూపిస్తుంది, మాస్టర్ వరుస ఇంకా పైవాడిని చూపిస్తుంది, అలా ఒకరి కింద ఒకరు, మెట్లు మెట్లుగా. పైవాళ్ళెవరో రాసే ఆ గడికి ఆమె 'ఎవరి తాలూకు' అనే పేరు పెట్టింది. అది ఖాళీగా వదలడానికి వీల్లేకుండా చెయ్యమన్నారు వరప్రసాద్ గారు.

"మరి అందరికన్నా పైనున్న మనిషికి?" అని అడిగిందామె.

"నిర్మాతగారు తన తాలూకు తనే," అన్నారాయన. అందరూ నవ్వారు. టేబుల్ కింద రవిచంద్ర ఆమె కాలుని మెల్లిగా తట్టాడు, ఇక చాలని.

తరవాత కీ దగ్గర పేచీ వచ్చింది. ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి విడదీసి గుర్తుపట్టడానికి ఏదో ఒకటుండాలి, అది రెండు వరుసల్లో ఒకేలా ఉండకూడదు. యునిక్ కీ అంటారు దాన్ని. రెండోసారి అదే వస్తే కంప్యూటర్ ఆ వరుసని తీసుకోదు, పక్కన పారేస్తుంది. ప్రతి మనిషికీ మనమే ఒక కొత్త నంబర్ ఇద్దాం అంది మనోజ. "ఫోన్ నంబర్ ఉండగా ఇంకో నంబరెందుకు? ఈ రోజుల్లో ఫోన్ లేనిదెవరికి?" అన్నాడు రవిచంద్ర. ఒకే ఫోన్ ఇద్దరు వాడితే అని ఆమె అనేలోపల అతను వరప్రసాద్ గారి వైపు తిరిగి, "మా ఆవిడకి కాస్త చాదస్తం సార్. ఇంట్లో డబ్బాల మీద కూడా పేర్లు రాసి పెడుతుంది," అన్నాడు. మగవాళ్ళిద్దరూ నవ్వారు. మనోజ కూడా నవ్వింది. ఆ రోజు తర్వాత అతని మాట మర్చిపోగలిగింది గానీ, తన నవ్వు మాత్రం మర్చిపోలేకపోయింది.

గీత చివరికంటా వెళ్ళి ఆగింది. ఎక్కినవి ఏడు వేల తొమ్మిది వందల ఎనభై ఆరు. తిరస్కరించినవి రెండు వందల పద్నాలుగు. కారణం ఒక్కటే: ఈ నంబర్ ఇప్పటికే ఉంది.

రవిచంద్రకి ఫోన్ చేసి చెప్పింది.

"రెండు వందల పద్నాలుగా! అంటే అన్ని దొంగ పేర్లు పట్టుకున్నట్టేగా," అన్నాడతను. "భలే. ఆగు, పక్కనే ఉన్నారు చెప్తా." ఫోన్ పక్కకి పెట్టి మాట్లాడటం, వరప్రసాద్ గారు 'అబ్బో' అనటం ఆమెకి వినిపించింది. "మనూ, ఆయన తెగ సంబరపడిపోతున్నారు. నాలుగింటికి మీటింగ్. ఆ లిస్టు నీట్‌గా చేసి మూడింటికల్లా మెయిల్ కొట్టు. పైన 'బోగస్ ఎంట్రీలు' అని పెద్దక్షరాల్లో పెట్టు. సోమవారం నుంచి పన్నెండు రోజులు పెళ్ళి సీను. మనుషుల్ని ఇక మన సిస్టమ్‌లోంచే పిలుస్తారు. అందులో లేనివాళ్ళకి పిలుపు లేదు, అంతే."

"అవి దొంగవో కాదో చూడాలండీ."

"చూడ్డానికేముంది, నంబరే చెప్తోందిగా."

చేతులు కడుక్కొచ్చి ఆమె ఆ ఫైలు తెరిచింది.

తిరుమలేశ్ వైఫ్. జగదీశ్ చెల్లెలు. బుజ్జి, వెంకటేశ్వరరావు గారి మిసెస్. డ్రైవర్ శీను వాళ్ళమ్మ. తిరుమలేశ్ మరదలు. ఇంకో బుజ్జి. లైట్‌మన్ యాదగిరి భార్య. కోఆర్డినేటర్లు ఇంటింటికీ రాసుకున్న జాబితా అది. ముందు మగవాడి పేరు, నంబరు. కింద వరుసలో ఆ ఇంటి ఆడమనిషి, అదే నంబరు. మొదటి వరుస ఎక్కింది, రెండోది పోయింది. అంతకన్నా ఏమీ జరగలేదు. కంప్యూటర్ చెప్పినట్టే చేసింది. మనోజ కిందికి జరుపుకుంటూ పోయింది. పాతిక, యాభై, వంద. దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఒకరిద్దరికి బుజ్జి లాంటి ముద్దుపేరుంది గానీ అసలు పేరు ఎవరికీ లేదు, ఎవరి తాలూకో ఉంది అంతే. నూట ముప్పై ఒకటో వరుస దగ్గర 'రవిచంద్ర మిసెస్' అని ఉంది. బయటి కంపెనీల వాళ్ళకి కూడా గేటు పాసులు ఈ జాబితాలోంచే ఇస్తారు. ఆ పేర్లు రవిచంద్రే పంపించాడు. ఇద్దరికీ తన నంబరే ఇచ్చాడు.

ఆమె ఆ వరుస చదివింది. తరవాతి వరుసకి వెళ్ళింది. మేకప్ అసిస్టెంట్ బాలు వైఫ్.

నాలుగైదు వరుసలు దాటాక గాని వెనక్కి రాలేదు. వచ్చి మళ్ళీ చూసింది. ఏమైనా అనిపిస్తుందేమోనని ఎదురుచూసింది. గ్యాస్ బుక్ చేస్తే మెసేజ్ వచ్చేది అతనికి, పిల్ల స్కూల్లో తల్లి ఫోన్ అన్నచోట ఉన్నది అతని నంబరు, ఆమె బ్యాంకు ఓటీపీలు అతని ఫోన్‌కే వెళ్తాయి, అతను మీటింగ్‌లో ఉంటే ఆమె ఆగుతుంది. ఇవన్నీ ఆమెకి తెలియనివి కావు. కాకపోతే ఇంతవరకూ ఎవరూ వాటిని ఒక కారణం కింద రాసి చూపించలేదు. ఏడుపు రాలేదు. కొద్దిగా చలేసినట్టయింది. లేచి ఫ్యాన్ తగ్గించింది.

బోగస్ ఎంట్రీలు అని పైన కొట్టడానికి నిమిషం పట్టదు. ఇన్నేళ్ళూ అతను చెప్పినవన్నీ కొట్టింది. కానీ ఇది కొడితే సోమవారం వీళ్ళెవరికీ పిలుపు రాదు. ఎందుకు రాలేదో కూడా వాళ్ళకి తెలీదు. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే. మనోజ ఫోన్ తీసుకుని మొదటి వరుసలోని నంబర్ నొక్కింది.

"హలో, ఎవలు?" మగ గొంతు.

"ప్రొడక్షన్ ఆఫీసు లిస్టు గురించండీ. తిరుమలేశ్ గారేనా? మీ ఆవిడ పేరు కావాలి."

"ఆమె పేరెందుకు మేడం? నేనున్న గద. ఏమన్నుంటె నాతోని చెప్పుండ్రి."

"మీ పేరు ఎక్కిందండీ. ఆమెదే ఎక్కలేదు."

"ఫికర్ లేదు మేడం. నన్ను పిలిస్తె ఆమె గూడ నా ఎంబడి వస్తది."

"అట్ల కాదన్నా. జర ఆమెకియ్యుండ్రి ఫోన్," అంది మనోజ. ఆ పుట్టింటి మాటలు తన నోట్లోంచి ఎప్పుడొచ్చాయో ఆమెకే తెలీలేదు. సోఫాలో అత్తగారు తలెత్తి చూసింది.

కాసేపు ఏవో చప్పుళ్ళు, కుక్కర్ కూత, తరవాత ఆడ గొంతు వినిపించింది. "ఎవరమ్మా?"

"అక్కా, మీ పేరేంది?"

"నా పేరా?" అటువైపు మనిషి నవ్వింది. "సెట్ల అందరు తిరుమలేశ్ ఇంటామె అంటరు బిడ్డ. నా పేరు కొమురమ్మ."

"ఎన్నేండ్లయింది షూటింగులకు పోవట్టి?"

"పదకొండేండ్లు. ఆయన మొన్నమొన్న సురువు చేసిండు, నాలుగేండ్లయితుందేమో. నేనే తీస్కపోయిన." ఆమె గొంతు తగ్గించింది. "ఏందమ్మా, సోమారం నన్ను పిలుస్తలేరా? పెండ్లి సీన్ల ముత్తైదువలు గావాలె, పన్నెండు రోజులని చెప్పిండ్రు. రెండిండ్లల్ల పని కూడ బంజేసుకున్న దానికోసం."

"పిలుస్తరు," అంది మనోజ.

ఫోన్ పెట్టాక గానీ తానేం మాటిచ్చిందో అర్థం కాలేదు. అప్పుడు భయమేసింది. చాలా రోజుల తర్వాత ఒక భావం పూర్తిగా, తన పేరు చెప్పుకుని మరీ వచ్చింది.

"ఎవరితో ఆ మాటలు?" అంది అత్తగారు. "ఏంది, జర, పిలుస్తరు... మానేశావనుకున్నానే. పిల్లకి అంటుకుంటాయమ్మాయ్."

"నా మాటలే కదత్తయ్యా అవి," అంది మనోజ, తల తిప్పకుండా.

బుట్టలో సగం కాయలు అలాగే ఉన్నాయి. ఆమె పాత టేబుల్‌ని విప్పింది. ప్రతి మనిషికీ సొంత నంబర్ ఒకటి ఇచ్చింది, పుట్టినప్పటి నుంచీ ఎవరికీ చెందనిది, ఇంకెవరికీ రానిది. ఫోన్లని అందులోంచి ఊడదీసి వేరే టేబుల్లో పెట్టింది. ఒక ఫోన్‌కి ఎంతమంది మనుషులైనా ఉండొచ్చు, ఒక మనిషికి ఎన్ని ఫోన్లైనా ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. చివరగా 'ఎవరి తాలూకు' గడి దగ్గరకి వచ్చింది. కాసేపు ఆలోచించి, దాన్ని ఖాళీగా వదలొచ్చు అని రాసింది. మొత్తం గంటన్నర కూడా పట్టలేదు. మళ్ళీ ఎక్కిస్తే ఎనిమిది వేల రెండు వందలూ ఎక్కాయి, ఎవరూ కిందపడలేదు. అందులో నిజంగా రెండేసి సార్లు రాసిన పేర్లు తొమ్మిదే తేలాయి. 

తరవాత వరసగా ఫోన్లు చేసింది. కొందరు ఎత్తలేదు. కొందరు, మా ఇంటి ఆడవాళ్ళ పేర్లు నీకెందుకని తిట్టి పెట్టేశారు. ఒక పెద్దాయన మర్యాదగా, "బుజ్జి అంటామండీ. అసలు పేరంటే ఆధార్ తీసి చూడాలి," అన్నాడు. రెండున్నరకి నలభై ఒక్క పేర్లు దొరికాయి. వాటి తరవాత నూట ముప్పై ఒకటో వరుస తెరిచి మనోజ అని కొట్టి, తన ఫోన్ నంబర్ పెట్టింది. తాలూకు గడి మీద కర్సర్ కాసేపు మిణుకుమంటూ నిలబడింది. దాన్ని దాటేసి సేవ్ చేసింది.

అత్తగారు ఆవకాయ వేసుకుని తినేసింది. గిన్నెలు చప్పుడు చేస్తూ తీసింది. మనోజ ప్రింటు తీసిన కాగితాలు సంచిలో పెట్టుకుంటుంటే అడిగింది, "ఎక్కడికిప్పుడు?"

"ఆఫీసుకత్తయ్యా. నిహారిక బస్సు నాలుగింటికి. మీరు కిందికి వెళ్ళాలి."

"నేనా?" అంది ఆవిడ. జవాబు చెప్పడానికి మనోజ ఆగలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఓదెలు ట్యాబ్‌లో వేలితో పైకి కిందికి జరిపి వెతికాడు. "మనోజ... ఆఁ, ఉంది మేడం. ఎవరి తాలూకు? గీడ ఖాళీ చూపెడుతుంది."

"ఖాళీనే అన్నా."

అతను ఒకసారి ట్యాబ్‌నీ ఒకసారి ఆమెనీ చూశాడు. అలాంటిది అతనికి కొత్త. కానీ పేరు పక్కన ఆకుపచ్చ గుర్తుంది. "పోండ్రి," అన్నాడు.

మీటింగ్ గదిలో ఆమెని చూసి రవిచంద్ర లేచి నిలబడ్డాడు. "మెయిల్ చెయ్యమన్నాగా, నువ్వొచ్చావేంటి?" అని, వెంటనే నవ్వు మొహం పెట్టి, "మా ఆవిడే స్వయంగా తెచ్చింది సార్," అన్నాడు.

"రండమ్మా, రండి. ఏవీ ఆ దొంగ పేర్లు?" అన్నారు వరప్రసాద్ గారు కళ్ళజోడు సర్దుకుంటూ.

మనోజ కాగితాలు ఆయన ముందు పెట్టింది. "దొంగ పేర్లు తొమ్మిదేనండీ. మిగతా రెండు వందల అయిదుగురూ మనుషులే. ఇంట్లో ఫోన్ ఒకటే ఉంటే ఇద్దరికీ అదే నంబరిచ్చారు. మా టేబుల్ మొదటివాళ్ళని తీసుకుని రెండోవాళ్ళని వద్దంది. తప్పు టేబుల్‌ది. అది కట్టింది నేనండీ."

మూడేళ్ళలో ఆ పని తనదని బయటివాళ్ళ ముందు చెప్పుకోవడం అదే మొదలు. చెప్పుకోవడానికి దొరికింది తప్పే.

"మీరు కట్టారన్నట్టు గుర్తే?" అన్నారు వరప్రసాద్ గారు రవిచంద్రతో.

"టీమ్ సార్... టీమ్ వర్క్," అన్నాడు రవిచంద్ర.

ఆయన కాగితాలు తిరగేశారు. ఒకచోట ఆగి, "కొమురమ్మ అంటే ఎవరు?" అన్నారు. పక్కనున్న పాత జాబితా మాట చదివి, "ఓ, తిరుమలేశ్ వాళ్ళావిడా! ఈవిడ లేకపోతే ముత్తైదువల వరస నిలబెట్టేదెవరండీ?" అని తనలో తనే నవ్వుకున్నారు. "సోమవారం పెళ్ళిపీటల ముందు నిలబడి తెల్లమొహం వేసేవాళ్ళం." మళ్ళీ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "ఈ తాలూకు గడి ఖాళీగా ఉందేంటమ్మా? ఖాళీ ఉండకూడదన్నాగా."

"ఆమె ఆయన తాలూకు కాదండీ. ఆయనకన్నా ఏడేళ్ళు ముందొచ్చింది."

"అలవాటు లేని పనమ్మా ఇది," అన్నారాయన. కాగితం కింద పెట్టారు. "సరే, ఉండనివ్వండి, చూద్దాం. పేర్లు తెలీనివాళ్ళవి సోమవారానికి తెలియాలి. ఏమన్నా ఉంటే ఎవరికి ఫోన్ చెయ్యను?"

"నాకే చెయ్యండి సార్," అని రవిచంద్ర అంటూండగానే మనోజ తన నంబర్ కాగితం మీద రాసిచ్చింది.

కారు ఫిల్మ్ నగర్ దిగి చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగింది. రవిచంద్ర స్టీరింగ్ మీద వేళ్ళతో కొడుతూ, "నాతో ముందు ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు.

"మొదటి మీటింగ్‌లో చెప్పానండీ."

"నలుగురిలో నా పరువు తీసి..."

"ఇద్దరే ఉన్నారక్కడ. నన్నిక్కడ దించండి. యూసుఫ్‌గూడ వెళ్ళాలి, వాళ్ళలో ఎక్కువమంది ఉండేది అక్కడే. ఇంకా నూట అరవై మూడు పేర్లు తెలియాలి, ఫోన్లో మగవాళ్ళు చెప్పట్లేదు."

"ఇప్పుడా? ఇంట్లో పిల్ల, వంట..." అతను ఆమెవైపు తిరిగాడు. అతని మొహంలో కోపం లేదు. నిజంగానే బాధ ఉంది. అదే ఆమెకి కష్టంగా తోచింది. "నాకర్థం కాదు మనూ. నీ పేరు, నా పేరు, నీ నంబరు, నా నంబరు, ఏంటిదంతా? మనిద్దరం ఒకటే అనుకున్నాన్నేను."

మనోజ సీటు బెల్టు తీసింది. కాగితాలు సంచిలో పెట్టుకుని తలుపు తెరిచింది.

"ఒకటే అయినచోట ఒక్కళ్ళనే ఉంచుతారండీ," అంది. "ఇన్నేళ్ళూ ఉన్నది మీరొక్కరే."